టేబుల్ మీద వదిలేసిన సీసా

మా కోడలి ల్యాబు ఉద్యోగం పోయింది అక్కడి పెద్దసారు నోటిమాట వల్ల. పిండ మూలకణాలు పాడైపోయాయని, చేతకాని మనిషి పెంచితే అంతేనని పదిమందిలో అన్నాడు. ఆ తర్వాత ఏ ల్యాబూ ఆమెను గడప తొక్కనివ్వలేదు.

నేను అదే ల్యాబులో గాజుసామాను కడుగుతాను. అసలు సంగతి నాకు తెలుసు. ఆ కణాలు ఏ అవయవమైనా కాగలవు. ఏదీ కాకుండా అలాగే ఉండాలంటే గ్రోత్ ఫ్యాక్టర్ అనే మందు రోజూ అందాలి. “అప్పుడే పెద్దవ్వకే తల్లీ అని చంటిపిల్లను బుజ్జగించడమే అత్తయ్యా” అని కోడలు నవ్వేది. వెచ్చగా ఉన్నచోట వదిలేస్తే మందులో సత్తువ పోతుంది. పెద్దసారు అందరూ వాడే ఆ మందు సీసా బయటికి తీస్తాడు, ఫోను మోగితే టేబుల్ మీదే వదిలేసి పోతాడు. నాలుగేళ్లుగా కంటపడ్డప్పుడల్లా నేనే దాన్ని ఐసులో పెట్టాను. నేను జ్వరంతో మంచాన పడ్డ వారంలోనే కోడలి కణాలు పోయాయి.

ఇప్పుడు కణాలను ఆయనే పెంచుతున్నాడు. సోమవారం పైవాళ్లు చూడటానికి వస్తారని హడావిడి. గురువారం పొద్దున సీసా కిటికీ పక్కన ఎండలో కనబడింది. చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. వెనక్కి లాక్కున్నాను. కణాలు ఏం పాపం చేశాయని ఒక్క క్షణం అనిపించింది. వెళ్లి బీకర్లు తోముకున్నాను. సాయంత్రం ఆ మందే వాటికి పోశాడు. శుక్రవారం, శనివారం కూడా అంతే. కడుపులో మంట కాస్త చల్లారింది.

సోమవారం మైక్రోస్కోపులో చూసిన పైఅధికారి తల ఎత్తలేదు. ముద్దగా ఉండాల్సిన కణాలు అంచుల్లో చెదిరి, సాగి, దేని దారి అది చూసుకున్నాయట. ఎవరు పెంచుతున్నారని పైవాళ్లు అడిగితే, చూపించడానికి పెద్దసారుకు ఎవరూ దొరకలేదు.

వాళ్లు వెళ్లాక నేను కడిగే గదికి వచ్చాడు.

“సీసా బయట ఉంటే కళ్లు కనపడలేదా నీకు?”

“కనపడింది సారూ. నాలుగేళ్లుగా లోపల పెట్టింది నేనే. మా కోడలి మీద నింద వేసిన వారం మాత్రం జ్వరంతో రాలేదు.”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోడల్ని మళ్లీ పనిలోకి రమ్మని చెప్పమన్నాడు. ముందు జరిగింది కాగితం మీద పెట్టమన్నాను. రాసుకొచ్చాడు. చేతులు తుడుచుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. కణాల విషయంలో పొరపాటు జరిగిందని ఉంది. ఎవరిదో లేదు.

కాగితం తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

“మీ పేరు కూడా రాయండి. నేను ఇక్కడే నిలబడి ఉంటాను.”