మసక చేపలు

సోమవారం పొద్దున్నే ల్యాబులో నా జూనియరు నెగిషి నా బల్ల దగ్గరికొచ్చి వంగి నమస్కరించాడు.

"ఒచియై గారూ, నిన్న డ్యూటీలో మీ తొట్టి కూడా శుభ్రం చేసేశానండీ. మసక చేపపిల్లలన్నీ తీసేశా."

కుర్చీలోంచి లేచాను. "తీసేశావా? ఐసు నీళ్లలో వేసి చంపావా? ఇంకా అందులోనే ఉన్నాయా?"

"అయ్యో, లేదండీ. నిబంధన ప్రకారం ఉడికించి పారేశా."

చచ్చిన చేప తోక ముక్క దొరికినా అందులోని డీఎన్‌ఏతో నా పని జరిగేది. ఉడికించి పారేశాక ఇంకేముంది, నా తలకాయ!

మేం మెదకా చేప గుడ్లలోకి వెలుగునిచ్చే జన్యువొకటి ఎక్కిస్తాం. దానికి సొంత మీట, అంటే జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ ముక్క, ఉండదు. వెళ్లి ఎక్కడ ఇరుక్కుంటే ఆ పక్కనున్న మీట మీద ఆధారపడి వెలుగుతుంది. నా చేపల్లో గుండె కవాటం ఒక్కటే పచ్చగా వెలుగుతుంది. కవాటానికే ప్రత్యేకమైన ఆ మీట ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. నాకు కావలసింది అదే.

బాగా మెరిసేవాటిని ఉంచి మసకవాటిని తీసేయడం మా ల్యాబు పెద్ద కువాబారా సెన్సే పెట్టిన ఆచారం. ఆదివారం డ్యూటీ ఎవరిదైతే వాళ్లు అందరి తొట్లలోనూ ఆ పని కానిచ్చేస్తారు. అదో మర్యాద. ఆ మర్యాద తగలెయ్య! బాగా మెరిసే చేపలో ఆ జన్యువు ఆరేడు చోట్ల దూరి ఉంటుంది. ఏ చోటి మీట వెలిగిస్తోందో ఎలా తెలిసి చస్తుంది? మామూలు చేపలతో జతకట్టించి, ఒక్కచోటే దూరిన పిల్లల కోసం వేసవంతా చచ్చాను. ఒక్కచోటే కాబట్టి అవి మసకగానే ఉంటాయి. మళ్లీ మొదలుపెట్టి పెంచేసరికి మార్చి దాటిపోతుంది. నా ఉద్యోగం మార్చి దాకానే.

"తొట్టి మీద ముట్టుకోవద్దని అంత పెద్దగా రాశాను కదయ్యా!"

"చూశానండీ. కానీ ఇవాళ టోక్యో నుంచి పెద్దలొస్తున్నారు, మసకవి కనబడితే పరువు పోతుందని సెన్సే అన్నారు." వాడి తల మోకాళ్ల దాకా వంగింది. "క్షమించండి."

ఒళ్లు మండిపోతోంది. అయినా నోటితో "ఫర్వాలేదులే" అన్నాను. ఇక్కడ అనాల్సింది అదే.

పదకొండింటికి పెద్దలొచ్చారు. ఒక్కొక్కరే సూక్ష్మదర్శినిలో బాగా మెరిసే నా చేపను తొంగిచూసి ఆహా అన్నారు. సెన్సే మొహం వెలిగిపోయింది. "మా ఒచియై పనితనమండీ ఇదంతా!"

వాళ్లలో ముసలాయన కన్ను తీయకుండానే అడిగాడు. "చాలా బాగుందమ్మా. మరి దీన్ని వెలిగిస్తున్న మీట ఏది?"

సెన్సే నవ్వుతూ నా వైపు తిరిగారు. పరిశోధన సాగుతోందండీ అని వంగి చెప్పాలి. వంగాను.

"తెలియదండీ. చెప్పగల చేపలు మీ కంటికి మసకగా కనబడతాయని నిన్ననే ఉడికించి పారేశాం."