ఏడో పచ్చిక విడిది

స్కాట్లాండ్ కొండల్లోని గ్లెన్‌మారన్‌లో చలికాలం వచ్చిందంటే ఎఫీ గెడెస్ స్కూలు బస్సు నడుపుతూ గోల్ఫ్ ఆడుతుంది. మనసులోనే అనుకోండి. మైదానం నిండా మోకాలి లోతు మంచుంటే బయట ఆడేదెవరు? చర్చి మలుపు దగ్గర మొదటి దెబ్బ కొడుతుంది, వంతెన దాటేసరికి బంతి గుంటలో పడుతుంది. బడి చేరేలోగా కప్పు చేతికొచ్చేస్తుంది. నాలుగు మాటలు మాట్లాడమంటారు కూడా. ఆ ప్రసంగం మాత్రం ఎఫీ పైకే చెబుతుంది. వెనక పిల్లలు చప్పట్లు కొడతారు.

నిజంలో కప్పు రాలేదు. మొన్నటి పోటీలో, ఆఖరిదైన ఏడో గుంటకి గజం దూరంలో బంతిని తోయబోతే చెయ్యి వణికింది. బంతి పక్కకి పోయింది, కప్పు ఆడపడుచు నెట్టా ఇంటికి పోయింది. అప్పట్నుంచీ చిన్న దెబ్బ తలుచుకుంటే చాలు, చేతులు వణుకుతాయి. వసంతంలోనూ ఇలాగే అయితే కర్రలు అటకెక్కించేస్తానని మొగుడు ఫర్గస్‌తో అనేసింది. అన్న మాట మీద నిలబడే మనిషి. అదే ఇప్పుడామె భయం.

ఆ ఊళ్లో మంచు పడే ముందు గుంటల చుట్టూ ఉండే నున్నటి పచ్చికలు, గుంటలతో సహా, క్లబ్బు సభ్యుల ఇళ్లకి విడిదికొస్తాయి. ఏది ఎవరింటికన్నది క్లబ్బు విందులో చీటీలు తీసి తేలుస్తారు. ఈసారి ఎఫీకి రెండోది వచ్చింది, నెట్టాకి ఏడోది. నెట్టా ఊరుకుంటుందా!

"చీటీలు మార్చుకుందాం వదినా. చలికాలమంతా ఏడోదాని మొహం చూస్తూ కూర్చుందువుగాని."

విందులో అందరూ ఘొల్లున నవ్వారు.

"ఇలా తే. నీ నోటి ధాటికి దానికి నిద్రెక్కడ పడుతుందిలే!" అని ఎఫీ చీటీ లాక్కుంది. పైకి అలా అంది గానీ ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పచ్చిక వచ్చింది. గుమ్మంలో పక్కకి తిరిగి, సోఫా కిందుగా పాకి, ముందుగది అంతా పరుచుకుంది. ఫర్గస్ బల్ల తీసి వంటింట్లో పెట్టి, ఆ రోజు నుంచి ఇంట్లో బూట్లు విప్పి మేజోళ్లతో తిరగడం మొదలుపెట్టాడు.

విడిదికొచ్చిన పచ్చిక మీద బంతి ఆడకూడదు. అది నిద్రపోతుంటుంది. గుంట కళ్లెదురుగా ఉంది, ఆడటానికి లేదు! ఎఫీకి పిచ్చెక్కిపోయింది. టీ తాగుతూ అన్నివైపుల నుంచీ మనసులో ఆడింది. బోర్లా పడుకుని, చెంప ఆనించి వాలు చూసింది.

"ఏమే, సూపు చల్లారిపోతోంది."

"ఉండవయ్యా, కప్పు గెలుస్తున్నా!"

ఒకరోజు ఫర్గస్ కోటు బొత్తాం ఊడి పడింది. ఆ పాత ఇంటి నేల పొయ్యి వైపు వాలుగా ఉంటుంది, ఏం పడ్డా అటే పోతుంది. బొత్తాం పచ్చిక మీదుగా మెల్లగా పొయ్యి వైపు దొర్లింది. ఎఫీ దిగ్గున లేచి కూర్చుంది. మైదానంలో ఈ పచ్చిక వాగు వైపు కదా వాలేది! పొయ్యి ఉన్నది పచ్చికలో ఆ వాగు అంచుకి సరిగ్గా అవతలి వైపు. ఇంట్లో నిద్రపోతూ నిద్రపోతూ అది ఇంటి వాలుని ఒంటబట్టించుకుంది. వసంతంలో ఈ వాలుతోనే మైదానానికి వెళ్తుంది! ఆ సంతోషంలో సూపు రెండుసార్లు వడ్డించుకుంది.

వసంతంలో పచ్చికలు మైదానానికి వెళ్లిపోయాయి. కప్పు పోటీలో వదినా ఆడపడుచులు సమానంగా ఏడో గుంట దగ్గరికొచ్చారు. నెట్టా ఎప్పట్లాగే వాగుని లెక్కలోకి తీసుకుని బంతిని తోసింది. బంతి అవతలి వైపు పోయింది.

"అదేంటే! దీనికేమొచ్చింది?" అని నెట్టా నోరు తెరిచింది.

ఎఫీ బంతి గుంటకి గజం దూరంలో ఉంది. అదే దూరం. చేతులు అప్పుడే వణకబోతున్నాయి. ఎఫీ వంగి బూట్లు విప్పేసింది. మేజోళ్లతో పచ్చిక మీద నిలబడితే ముందుగదిలో నిలబడ్డట్టే ఉంది, ఇంకాసేపట్లో ఫర్గస్ సూపుకి పిలుస్తాడన్నట్టుంది. చేతులు చూసుకుంది. వణకడం లేదు. బొత్తాం వెళ్లిన దారినే బంతిని పంపింది. బంతి గుంటలో పడింది.

"వచ్చే చలికాలం ఏడోది నాకే వదినా!" అంది నెట్టా.

"మొన్న చలికాలం కూడా నీకే వచ్చిందిగా, చేజేతులా ఇచ్చుకున్నావు."

కప్పు చేతికిచ్చి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. బస్సులో రోజూ చెప్పే ప్రసంగంలో ఎఫీకి ఒక్క మాటా గుర్తురాలేదు. కంచె అవతల నిలబడ్డ బడిపిల్లలు ఆమె ప్రసంగం మొదట్నుంచీ చివరిదాకా తప్పు లేకుండా అప్పజెప్పేశారు. ఎఫీ ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది.