పిడి లేని కత్తి

ఒంటె ఎముక ముక్కని కాలి బొటనవేలితో చాపకి అదిమిపట్టి ఆకురాయితో గీస్తున్నాడు అఖమదు. తెల్లటి పొడి ఒళ్ళోకి రాలుతోంది. నీలి తలగుడ్డ ముక్కుదాకా చుట్టుకున్నాడు. దానిపైన కనిపించే కళ్ళలో ఎడమదానికి పొర కమ్మింది, కుడిదీ అంతంతమాత్రమే. చూపు తగ్గినకొద్దీ వేళ్ళు చూడటం నేర్చుకున్నాయి.

సహారా ఎడారి ఊరు తమన్‌రాసెత్‌లో కమ్మరి అంటే కత్తి, తాళం, ఒంటె జీను, గరిటె అన్నీ చేసేవాడే. గిటార్లు వచ్చాక అవీ అతని చాపమీదికే చేరాయి. అతను సరిచేసిన గిటారు ఏ పెళ్ళిలోనూ జీరపోలేదు. జీవితంలో అతను గొప్పగా చెప్పుకునే మాట అదొక్కటే.

ఇవాళ్టిది రఖియాది. సాయంత్రం కూతురి పెళ్ళి. వాయించేదీ పాడేదీ తల్లే. తీగలు ఎత్తుగా ఉండి వేళ్ళు కోస్తున్నాయని పొద్దున్నే తెచ్చింది.

"నీకు కళ్ళు ఆనటం లేదంట గదా మామా? బజారు కొట్టుకిమ్మంటున్నారు మావాళ్ళు."

"ఇయ్యి తల్లీ. మీ పెద్దింటోళ్ళకి గిటారుకీ మేకకీ తేడా తెలిస్తే గదా! పాలు పితకమన్నా పితుకుతారు."

కమ్మరి నోటికి తాళం ఉండదు, పెళ్ళిరోజు అసలే ఉండదు. రఖియా పడీపడీ నవ్వింది.

అరగదీసిన ఎముకని తీగల కింద అమర్చి, తీగకీ గిటారు మెడమీది మెట్టుకీ మధ్య సందులో తోలుముక్క దూర్చి చూశాడు. సరిపోయింది. ఆమె తీసుకెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చింది. కూర్చుంటూనే లావుతీగ మీటింది. అది మెట్లకి తగిలి జర్రుమంది. టీ పోస్తున్న అతని భార్య మీనా చెయ్యి ఆగిపోయింది.

అఖమదు గిటారు పొట్టమీద అరచెయ్యి ఆనించాడు. పొద్దున ఉబ్బెత్తుగా ఉన్న చెక్క ఆరి దిగిపోయింది, దాంతోపాటే తీగలూ.

"రాత్రి దీన్నేం చేశావే?"

"ఎండకి పగులుద్దేమోనని తడిగుడ్డ చుట్టి పడుకోబెట్టా, నీళ్ళ తిత్తికి చుట్టినట్టు."

"నువ్వు నీళ్ళు పట్టావు, నేను ఆ వాపు చూసి గీశాను. బాగా దొరికాం ఒకళ్ళకొకళ్ళం!" అన్నాడుగాని గొంతులో నవ్వు లేదు. గీసేసిన ఎముక మళ్ళీ పెరగదు.

"పోనీలే మామా. డప్పుల మోతలో ఎవరికి వినపడుద్ది?"

"నాకు వినపడుద్ది."

తన కత్తి తీసి పిడి విప్పాడు. ఎండి ఎండి, ఇక ఎండటానికేమీ మిగలని పాత ఎముక అది.

"అది మీ నాన్న వేసిన పిడయ్యా!" అంది మీనా.

"ఏం, మా నాన్న పెళ్ళికి రావద్దా?"

ఈసారి గిటారుని ఎండగాలికి వదిలి, చెక్క కుదుటపడ్డాకే ఆ పిడి ఎముకమీద ఆకురాయి పట్టాడు. ఆడవాళ్ళు కేకలేస్తే రఖియా చెయ్యి ఊరుకోదు, గట్టిగా బాదుతుంది. అందుకని వెంట్రుకవాసి ఎత్తు ఎక్కువే ఉంచాడు. పొద్దు వాలుతుండగా పని ముగిసింది.

పెళ్ళి డేరాలో డప్పు మొదలైంది. చప్పట్లు, కేకలు. రఖియా బాదింది. ప్రతి తీగా జీరపోకుండా, శుభ్రంగా పలికింది. గుంజకి చేరగిలబడి ఉన్న అఖమదు భార్య మోచెయ్యి తట్టాడు.

"విన్నావా?"

"విన్నాను."

తలగుడ్డని కళ్ళమీదికి లాక్కున్నాడు. కాసేపటికి మీనా టీ గ్లాసు అందించింది. ఆ వేళ్ళు అందుకోలేదు. పట్టుకు చూసింది. చల్లబడుతున్నాయి. ఆమె కేక పెట్టలేదు. అతని చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, పాట చివరిదాకా నిటారుగా కూర్చుంది.

ఇంటిదగ్గర చాపమీద, తెల్లటి పొడి మధ్య, పిడి లేని కత్తి.