నా కంటిమీద కుంకుమ

నేను ఒక ట్యాబ్‌ని. పలకంత ఉంటాను. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో ఊపిరాడక ప్రయాణం చేసి, కొండ కింది చిన్న ఆసుపత్రికి చేరాను. అక్కడ డాక్టరుగారి కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. పట్నంలో ఉన్న డాక్టరుకు వీడియో కాల్‌లో రోగిని చూపించడం నా ఉద్యోగం. ఆయన చూసి చెప్పందే నర్సు ఝాన్సీ పెద్ద మందేదీ ఇవ్వకూడదు.

మనుషులు విచిత్రమైనవాళ్లు. చాకిరీ చేయించుకున్న వస్తువుకే దణ్ణం పెడతారు. ఆయుధపూజనాడు ఆసుపత్రి ఊడ్చే అసిరమ్మ, కత్తెరలకు పెట్టినట్టే నాకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నుదురెక్కడా అని వెతికి, పైఅంచున నడిమధ్య పెట్టింది. నా కన్ను ఉన్నది సరిగ్గా అక్కడే. అలాగే బీరువాలో పెట్టి తాళం వేశారు.

సెలవులు అయ్యాక తలుపు తీసీ తీయగానే అసిరమ్మ మొగుడు గవరయ్యను మంచం మీద మోసుకొచ్చారు. చేలో పాము కరిచింది. ఝాన్సీ నన్ను అందుకుని కాల్ కలిపింది.

"సిస్టర్, అంతా ఎర్రగా ఉందేంటి? రక్తం కక్కుతున్నాడా?" అన్నాడు డాక్టరు.

"లేదు సార్. మాట ముద్దగా వస్తోంది."

"నాకేం కనబడట్లేదు. కళ్లు చూపించండి. రెప్పలు వాలుతున్నాయా?"

నాకు భయం పట్టుకుంది. నేనేది చూపిస్తే ఆయన అదే నమ్ముతాడు. నేనేమో లేని రక్తం చూపిస్తున్నాను. చెబుదామంటే నోరు లేదు.

ఝాన్సీ నన్ను పరకాయించి చూసి, "బొట్టు అడ్డమొచ్చింది," అంటూ గుడ్డ అందుకుంది. అసిరమ్మ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"ఒద్దు నర్సమ్మా. నా సేత్తో ఎట్టిన బొట్టు. మా మావ అలగుంటే ఇప్పుడు బొట్టు తుడిసేత్తావేటి?"

"నీ మావ ఆయనకి కనబడాలి కదా, అసిరమ్మా."

గవరయ్య ఊపిరి గురకలా వినబడుతోంది. ఆ ఎర్రటి చీకట్లో నేను ఒకటే అనుకున్నాను: తుడిచెయ్ తల్లీ.

అసిరమ్మ తుడవలేదు. బొటనవేలు తడిచేసుకుని, నా కంటిమీది కుంకుమను పసుపుతో సహా ఎత్తి తన నుదుటికి అద్దుకుంది. నాకు వెలుగొచ్చింది. ముందు కనబడింది ఆ నుదురే. ఆ తర్వాత, ఎంత లేపినా లేవని గవరయ్య రెప్పలు.

"రెప్పలు వాలిపోయాయి, విషం ఎక్కింది. వెంటనే విరుగుడు ఎక్కించండి," అన్నాడు డాక్టరు.

గవరయ్య బతికాడు. మరుసటి దసరాకు అసిరమ్మ నాకు వీపున పెట్టింది బొట్టు.

ఇప్పుడు పాత సామాన్ల గదిలో, విరిగిన ఫ్యాను పక్కన పడి ఉన్నాను. కంటి అంచున ఎర్రటి నలుసు ఒకటి ఇంకా మిగిలే ఉంది. తలుపు తెరిచి ఎవరు తొంగిచూసినా ముందు ఎర్రగానే కనబడతారు. వాళ్లు రెప్ప వేసి తీసేదాకా నా భయం తీరదు.