సగం మాత్ర

మాత్రను సరిగ్గా నడిమికి విరవడంలో లిఫ్టాయనకు ఇప్పుడు చెయ్యి తిరిగింది. మొదట్లో ఒక ముక్క పెద్దదీ ఒకటి చిన్నదీ అయ్యేవి, పొడంతా గట్టు మీద రాలిపోయేది. ఇప్పుడు గీత మీద చాకు ఆనించి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు. ఒక సగాన్ని అరటిపండు ముక్కలో దూర్చాడు. రెండో సగాన్ని సాయంత్రానికని కాగితంలో మడిచి వంటగది కిటికీ గట్టు మీద పెట్టాడు.

తర్వాత నేల మీద గొంతుక్కూర్చుని, "తుంపరా" అని పిలిచాడు.

బల్ల కిందనుంచి కుక్కపిల్ల వచ్చింది. గోధుమరంగు ఒళ్ళు, నిలబడిన ఒక చెవి, వాలిపోయిన ఒక చెవి, పొట్ట కింద ఇంకా పూర్తిగా మొలవని బొచ్చు. ఆ పేరు పెట్టింది ఆయన భార్య. ఇంటికొచ్చిన కొత్తలో అది నాలుగడుగులకోసారి కూర్చుని రెండు చుక్కలు విడిచి, మంటకు కుయ్యోమని, మళ్ళీ నాలుగడుగులు వేసేది. ఆవిడ తుడుపుగుడ్డ పట్టుకుని దాని వెనకాలే తిరిగి తిరిగి, తిట్టడానికి మాటలు అయిపోయి తుంపర అంది. తిట్టుగా పెట్టిన పేరు వారం తిరక్కుండానే ముద్దుపేరైపోయింది.

తుంపర అరటిపండు ముక్కను వాసన చూసింది. అందులో ఏముందో దానికి ఎప్పుడో అర్థమైంది. తలెత్తి ఆయన ముఖంలోకి చూసి, ఆయనే పెడుతున్నాడు కదా అన్నట్టు నోరు తెరిచి మింగేసింది. లిఫ్టాయన చూపు తిప్పుకున్నాడు.

స్నానాలగదిలోంచి భార్య వచ్చింది. ఒక చేతిలో పాత గరిటె, ఇంకో చేతిలో మూత బిగించిన చిన్న సీసా. పశువుల డాక్టరమ్మ ఈసారి మూత్రం పరీక్ష చెయ్యందే మందు మార్చనని తేల్చి చెప్పింది. అందుకని ఆవిడ తెల్లవారుతూనే గరిటె పట్టుకుని కుక్కపిల్ల వెనకాల కాపు కాసింది. అది కూర్చోబోయినప్పుడల్లా ఈవిడ వంగడం, ఈవిడ వంగినప్పుడల్లా అది లేచిపోవడం. చివరికి ఇద్దరిలో దానికే ముందు విసుగొచ్చింది.

"ఇదిగో. పట్టినప్పుడు మాత్రం ఎంత తేటగా ఉందో చూడండి, దొంగపిల్ల" అంటూ సీసా ఆయన చేతికిచ్చింది. "తూము పక్కన మాత్రం ఇవాళ కూడా ఎర్రగా పడింది. నిన్నటికంటే ఎక్కువే."

"ఊఁ" అన్నాడు లిఫ్టాయన.

ఆ ఎరుపు కుక్కపిల్లది కాదు. ఆ సంగతి ఇంట్లో ఆయన ఒక్కడికే తెలుసు.

మొదట తుంపరకు జబ్బు నిజంగానే ఉండింది. లిఫ్టు కింద, మోటారు గది మెట్ల దగ్గర తల్లిలేక అరుస్తుంటే సంచిలో వేసుకొచ్చాడు. డాక్టరమ్మ చూసి మూత్రంలో సూక్ష్మక్రిములు చేరాయనీ, నీళ్ళు బాగా తాగించి మందు ఆపకుండా వెయ్యమనీ చెప్పింది. వేశారు. తగ్గింది కూడా. స్నానాలగదిలో తూము దగ్గర కూర్చోవడం భార్య దానికి నేర్పింది, అదీ బుద్ధిగా నేర్చుకుంది. అంతా బాగుందనుకున్న రోజుల్లోనే ఒకనాడు లిఫ్టాయన అదే తూము దగ్గర నిలబడి, తన ఒంట్లోంచి ఎర్రగా రావడం చూశాడు. నొప్పి లేదు, మంట లేదు. మగ్గుతో నీళ్ళు పోసి వచ్చి పడుకున్నాడు. సరిగ్గా పోసినట్టు లేడు, పొద్దున్నే భార్య చూసింది. "అయ్యో, దీనికి మళ్ళీ తిరగబెట్టిందండీ" అని కుక్కపిల్లను ఎత్తుకుంది. ఆయన చెబుదామని నోరు తెరిచాడు, తెరిచిన నోరు మూసుకున్నాడు. అంతే. ఆ రోజు మూసుకున్న నోరు ఇవాళ్టిదాకా తెరవలేదు.

అప్పటినుంచి తుంపర ఒకదాని తర్వాత ఒకటి మందులు మింగుతోంది. తగ్గని జబ్బు, మొండి జబ్బు అని ఇరుగుపొరుగు కూడా అనుకుంటున్నారు. ఒకసారి ఆయన దానికివ్వాల్సిన సగం మాత్రను తన నాలుక మీదే వేసుకున్నాడు. తనది కూడా తగ్గుతుందేమోనన్న ఆశ. ఆ చేదు మధ్యాహ్నందాకా గొంతులో ఉండిపోయింది. ఒక పసిప్రాణి చేత రోజూ ఏం మింగిస్తున్నాడో అప్పుడు తెలిసింది. తెలిసినా ఆపలేదు. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు.

బయల్దేరబోతుంటే భార్య గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా మాట కదిపింది. తన తమ్ముడికి మొక్కల తోట ఉంది, కాపలాకి కుక్కపిల్ల కావాలని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. మట్టిలో తిరిగితే దానికీ ఆరోగ్యమేమో అంది. లిఫ్టాయన చెప్పులు వేసుకుంటూ, జబ్బు తగ్గాక చూద్దాంలే అన్నాడు. ఆవిడ చూపు ఆయన మెడ దగ్గర వదులైన చొక్కా కాలరు మీద నిలిచింది.

సీసా దారిలో పశువుల ఆస్పత్రిలో ఇచ్చేసి, ఆయన పనిలోకి వెళ్ళాడు.

ఆ కట్టడంలో లిఫ్టు పాతకాలంది. ఇనప జాలీ తలుపు, ఇత్తడి పిడి, తలమీద గిర్రున తిరగడం తప్ప గాలివ్వని ఒక పంకా, మూలన ఆయన ముక్కాలిపీట. ఎవరైనా గంట నొక్కితే గోడ మీది పలకలో ఆ అంతస్తు దీపం వెలుగుతుంది. పిడి ఎంత తిప్పితే లిఫ్టు నేలకు సమంగా ఆగుతుందో ఆయన మణికట్టుకు తెలుసు. జనం ఆయన వీపును చూస్తూ ఎక్కుతారు, వీపును చూస్తూ దిగుతారు. కొందరు మామా అంటారు, కొందరు ఏమీ అనరు. ఈమధ్య ఆయన మాటిమాటికీ 'ఇప్పుడే వస్తాను' అన్న అట్టముక్క తగిలించి కింది మరుగుదొడ్డికి పోతున్నాడు. మామకు తొందరెక్కువైంది, ఎవరో ఎదురుచూస్తున్నట్టున్నారు అని గుమాస్తాలు నవ్వుతారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వుతాడు.

నాలుగో అంతస్తులో మూత్రపిండాల డాక్టరుగారి గది ఉంది. డాక్టరుగారిని రోజూ పొద్దున్నే పైకి తీసుకెళ్ళేది లిఫ్టాయనే. ఇవాళ కూడా ఆయన ఫోనులో ఇంటి పైకప్పు కారడం గురించి మాట్లాడుతూ ఎక్కి, మాట్లాడుతూనే దిగిపోయాడు. మందుల వాసన లాంటిదేదో కాసేపు లిఫ్టులో నిలిచింది. ఆ తర్వాత వరసగా రోగులు. పెద్ద కవర్లు ఒళ్ళో పెట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడతారు. పైకి వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడతారు, కిందికి వచ్చేటప్పుడు మాట్లాడరు. మధ్యాహ్నం ఒక జంట పైనుంచి కిందికి వచ్చింది. భర్తకు లిఫ్టాయన వయసే ఉంటుంది. భార్య ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది, చెయ్యి వదిలితే ఎక్కడ తప్పిపోతాడో అన్నట్టు. తలుపు తీశాక కూడా ఇద్దరూ కాసేపు దిగడం మరచిపోయారు. లిఫ్టాయన వాళ్ళను తొందరపెట్టలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆయనకు తన నాన్న గుర్తొచ్చాడు. నాన్న వడ్రంగి, ఒంట్లో బాగాలేదని ఏనాడూ అనని మనిషి. ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ, నాకు ఎర్రగా పోతోందిరా అని అదేదో వాతావరణం సంగతిలా చెప్పాడు. నడిచి ఆస్పత్రికి వెళ్ళాడు. మళ్ళీ నడిచి ఇంటికి రాలేదు. చెప్పిన రోజునుంచే జబ్బు మొదలైనట్టు, చెప్పకుండా ఉంటే ఇంకా చెక్కలు చిత్రికపడుతూ ఉండేవాడేమో అన్నట్టు లిఫ్టాయన మనసులో ఎక్కడో నాటుకుపోయింది. తప్పని తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

ఎండ వాలేవేళ లిఫ్టులో ఎవరూ లేరు, పలకలో ఏ దీపమూ వెలగలేదు. లిఫ్టాయన పిడి తిప్పి నాలుగో అంతస్తులో ఆపాడు. జాలీ తలుపు తీశాడు. ఎదురుగా వరస కుర్చీలు, వాటిలో ఒకటి ఖాళీ. ఇన్నేళ్ళుగా ఈ గడపదాకా వచ్చాడు కానీ ఒక్కసారీ అడుగు బయట పెట్టలేదు. బల్ల దగ్గరి అమ్మాయి తలెత్తి, ఎవరికోసమండీ అని అడిగింది.

"ఎవరో గంట కొట్టారమ్మా" అన్నాడు లిఫ్టాయన, తలుపు మూసేశాడు.

పని దిగి పశువుల ఆస్పత్రికి వెళ్ళేసరికి డాక్టరమ్మ ఒక పిల్లికి కట్టు కడుతోంది. చేతులు కడుక్కుని వచ్చి, ఎదురుగా కూర్చుని, పరీక్షలో ఏమీ లేదని చెప్పింది. క్రిములు లేవు, రక్తం జాడ అసలే లేదు. కుక్కపిల్లకు ఎప్పుడో నయమైపోయింది. ఇక ఒక్క మాత్ర కూడా వెయ్యొద్దు, లేనిపోని మందులు మింగితే ఉన్న ఒళ్ళు పాడవుతుంది.

"మరి ఎర్రగా పడుతోందంటున్నారు. మీ ఇంట్లో ఇంకో కుక్క ఉందా, బాబాయ్?"

"లేదమ్మా. మా ఆవిడా నేనూ, అంతే."

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. డాక్టరమ్మ ఆయన వంక చూసింది. వదులైన కాలరు, లోపలికి పోయిన చెంపలు, మోకాళ్ళ మీద బిగించిన చేతులు చూసింది.

"నేను కుక్కల డాక్టర్ని, బాబాయ్. ఇంతకంటే నేను చెప్పకూడదు. కానీ మనిషికి అలా కనబడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. నొప్పి లేకపోతే అసలు ఆగకూడదు."

దారి పొడుగునా లిఫ్టాయన ఒకే మాటను మనసులో కూడబలుక్కున్నాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పెయ్యాలి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పెయ్యాలి. తుంపరకు ఏమీ లేదు, అదంతా నాదే. ఎంత చిన్న మాట! ఆ పిల్లకు ఇవాళ్టితో చేదు తప్పుతుంది, అది చాలు అనుకుంటే అడుగులు కొంచెం తేలికపడ్డాయి.

తలుపు తీసినా కాళ్ళకు ఏదీ అడ్డం పడలేదు. బల్ల కింద తుంపర పడుకునే గోనెపట్టా లేదు. భార్య కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆయన అడక్కుండానే చెప్పింది. మధ్యాహ్నం తమ్ముడు బండి తీసుకుని ఇటుగా వచ్చాడు, తానే ఇచ్చి పంపేసింది. అది బండిలో కూడా వీధి మలుపుదాకా వెనక్కే చూసిందట.

"నామీద కోపం తెచ్చుకోకండి. దాని బెంగతో మీరెంత చిక్కిపోయారో మీకు తెలియట్లేదు. దానికోసమని రాత్రిళ్ళు లేస్తున్నారు, తిండి సయించడం లేదు. నాకు కుక్కపిల్లకంటే మీరు ముఖ్యం. స్నానాలగదంతా రుద్ది కడిగాను. ఇంక ఎర్రగా ఏమీ పడదు, నిమ్మళంగా ఉండండి."

కుర్చీలో కూలబడి ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగాడు. ఆయన కోసమే ఆవిడ దాన్ని వదులుకుంది. ఆ ఆలోచన వెనకే ఇంకొకటి, దొంగలా, మెల్లగా వచ్చింది. ఇప్పుడు చెప్పాల్సిన అవసరం ఏముంది? మాత్రలు మింగే పిల్ల లేదు, తన మౌనం వల్ల ఎవరికీ చేదు లేదు. ఇకనుంచి నీళ్ళు ఒకటికి రెండు మగ్గులు పోస్తే సరిపోతుంది. అంత సులువుగా ఉండటం చూసి ఆయనకు భయమేసింది.

కాసేపటికి లేచి స్నానాలగదిలోకి వెళ్ళాడు. తెల్లటి నేల తళతళలాడుతోంది. ఆవిడ తన ఓపికంతా అక్కడ పెట్టినట్టుంది. పని ముగించుకుని చూస్తే తూము చుట్టూ పొద్దుటికంటే చిక్కటి ఎరుపు. మగ్గు నిండా నీళ్ళు ముంచాడు. తుంపర తలెత్తి ముఖంలోకి చూసిన చూపు కళ్ళముందు కదిలింది. మగ్గును పొయ్యకుండానే కింద పెట్టాడు.

"ఏమే, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేలను చూసింది. చూసిన వెంటనే, అలవాటు కొద్దీ, తిట్టు నోటిదాకా తెచ్చుకుని తలుపు వెనక్కి వంగింది. తప్పుచేసినప్పుడు తుంపర దాక్కునే చోటది. అక్కడ చీపురు తప్ప ఏమీ లేదు. మెల్లగా నిటారుగా నిలబడి భర్త వైపు తిరిగింది.

"ఎప్పటినుంచి?"

"అప్పుడు దానికి తిరగబెట్టిందన్నావే. అప్పటినుంచే."

"నొప్పిగా ఉందా?"

"లేదే. అసలు లేదు" అన్నాడాయన, ఆవిడకు కాస్త ధైర్యంగా ఉంటుందని.

మామగారి సంగతి ఆవిడకు తెలుసు. గడప మీద కూర్చుండిపోయి నేలవంకే చూసింది. తర్వాత చెయ్యి చాచి ఆయన మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"రేపు పొద్దున్నే వెళ్దాం. నేనూ వస్తాను" అంది.

ఆయన తలూపి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. నాలుగో అంతస్తుకు తనను రేపు ఎవరు తీసుకెళ్తారా అని, ఆ భయంలోనూ ఒక వెర్రి సందేహం వచ్చింది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు, దీపం వెయ్యాలని ఎవరికీ తోచలేదు. వంటగది కిటికీ గట్టు మీద, కాగితం మడతలో, సాయంత్రానికని దాచిన సగం మాత్ర అలాగే ఉంది.