తడిసిన చాళ్ళు

మాచర్ల అవతల మా ఊరికి కాలవ నీళ్ళు రావు. మిరప వేసినవాళ్ళంతా బోర్ల మీదే ఆధారపడాలి. ఈ ఏడాది పూత మీదుండగానే మా బోరూ, పక్క చేలో తిరుపతమ్మ పిన్ని బోరూ రెండూ ఎండిపోయాయి. బాబాయి పోయాక పిన్ని ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. పొత్తున ఒక కొత్త బోరు వేద్దామనీ, భూమిలో నీళ్ళు చూసే మిషను ఎవరి చేలో పాయింటు చూపిస్తే అక్కడే వేద్దామనీ నాన్నా పిన్నీ మాట అనుకున్నారు.

మాట ఇచ్చిన దగ్గర్నుంచి నాన్నకి స్థిమితం లేదు.

"ఆమె చేలో పడిందనుకో, రోజూ వంతు కోసం ఆమెని అడగాలి. తమ్ముడి పెళ్ళాన్ని నీళ్ళడిగే గతి పట్టాలా నాకు?" అని అమ్మతో అంటుంటే విన్నాను.

అంతకుముందే నాన్న పక్క ఊళ్ళో నీళ్ళ సర్వే జరుగుతుంటే వెళ్ళి చూసి వచ్చాడు. ఇనప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, వాటి మొదట్లో నీళ్ళు పోసి, తీగలు తగిలించి మిషను పెట్టారట. పాయింటు అక్కడే పడిందట. ఆ నీళ్ళు పోయడమే నాన్న మనసులో నాటుకుపోయిందని నాకప్పుడు తెలియదు.

సర్వేకి ముందు రోజు, వాడిపోతున్న మొక్కల్ని బతికించుకోడానికి రెండు చేలకూ కలిపి ట్యాంకరు చెప్పారు. దాన్ని పిలిపించే పని నాన్నది. సాయంత్రం పిన్ని మా ఇంటికొచ్చింది.

"ట్యాంకరు వచ్చిందా బావా?"

"రాలేదమ్మా. నీళ్ళు పట్టేకాడ కరెంటు లేదంట. రేపొచ్చిద్దిలే."

పిన్ని తలూపి వెళ్ళిపోయింది. నాన్న పంచె అంచుకి నల్లమట్టి తడి ఇంకా ఆరలేదు. ఎక్కడ అంటిందో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నరసరావుపేట నుంచి సమ్రీన్ మేడమ్ వచ్చింది. భూమి లోపలి నీళ్ళ గురించి చదువుకున్న మనిషి. మిషను పెట్టె, తీగల చుట్టలు జీపులోంచి దించుకుని మా చేలోకి దిగింది. నాలుగు అడుగులు వేసేసరికి చెప్పు మట్టిలో కూరుకుపోయింది.

"బాబాయ్ గారూ, ఇక్కడ వాన పడిందా?"

"మంచమ్మా... మంచు కురిసింది," అన్నాడు నాన్న.

సర్వే చూడ్డానికి వచ్చిన అవతలి చేను నాగేశ్వరరావు పెదనాన్న పగలబడి నవ్వాడు. "ఏం మంచురా చెన్నకేశవులూ! నీ ఒక్కడి చేలోనే, అదీ తాడు పట్టి గీసినట్టు నాలుగు చాళ్ళ మీదే కురిసిందే! మా చేనేం పాపం చేసింది?"

గట్టు మీద నిలబడ్డవాళ్ళంతా నవ్వారు.

"ఊరుకో అన్నా," అని నాన్న మేడమ్ వైపు తిరిగాడు. "అయినా తడుంటే మంచిదేగా? మొన్న పక్క ఊళ్ళో మీరూ పోశారుగా కడ్డీలకి!"

మేడమ్ నవ్వలేదు. "కడ్డీకి మట్టి గట్టిగా అంటుకోడానికి చెంబెడు పోస్తామండీ. అప్పుడే కరెంటు భూమిలోకి దిగుతుంది. మీరు పైనంతా తడిపేస్తే కరెంటు ఆ తడిలోనే పైపైన పోతుంది. కింద బండలో నీళ్ళుండే పగులు ఉందో లేదో మిషను సరిగ్గా చెప్పలేదు. ఇది ఆరేదాకా ఇక్కడ చూసి లాభం లేదు."

పిన్ని వంగి గుప్పెడు మట్టి తీసి పిసికింది. వేళ్ళ సందుల్లోంచి బురద జారింది.

"అయితే ట్యాంకరు వచ్చిందన్నమాట," అంది.

"తిరుపతమ్మా, అదీ..."

"నా మొక్కలు తలలు వాల్చినయ్ బావా. బిందెడైనా అటు పోయించకపోతివా?"

ఇక ఎవరూ నవ్వలేదు. నాగేశ్వరరావు పెదనాన్న కూడా బీడీ కోసం జేబులు తడుముకున్నాడు. నాకు ఆ గట్టు మీద నిలబడడం కష్టమైంది. అందరూ నాన్నని చూస్తున్నారని కాదు, ఎవరూ చూడడం లేదని.

సర్వే పిన్ని చేలో జరిగింది. ఎవరూ అడగకపోయినా కడ్డీలన్నీ నాన్నే దిగ్గొట్టాడు. నేను టేపు పట్టుకున్నాను. తల ఎత్తకుండా కొడుతూనే ఉంటే, "చాలు బాబాయ్ గారూ, దిగింది," అని మేడమే ఆపాల్సి వచ్చింది. చివరికి ఒకచోట రాయి పెట్టించింది.

"కింద పగులు ఉన్నట్టే కనిపిస్తోంది. నీళ్ళు పడతాయని రాసివ్వలేను గానీ, వేయిస్తే ఇక్కడే వేయించండి."

పిన్ని ఆ రాయి వైపు చూసి అంది. "పొత్తు వద్దులే బావా. మా అన్నల్ని అడిగి నేనే ఏయించుకుంటా. నీళ్ళు పడితే నీకూ ఇస్తా. అడిగి తీసుకో. చెప్పకుండా మాత్రం తీసుకోవద్దు."

బోరు లారీ వచ్చిన రోజు ఊరంతా వెళ్ళింది, నాన్న తప్ప. నీళ్ళు పడ్డాయి. మా మిరప ఆకులు ముడుచుకుపోతున్నా నాన్న ఆ చేను వైపు చూడలేదు. ఒకరోజు నన్ను పిలిచాడు.

"జాహ్నవీ, నువ్వెళ్ళి అడగరాదా? నువ్వంటే ఆమెకి చానా ఇష్టం."

వెళ్ళాను. నన్ను చూడగానే పిన్నికి అర్థమైంది.

"ఏమే, నిన్ను పంపాడా? నీళ్ళు ఇయ్యనని కాదే. అడగాల్సింది నువ్వు కాదు."

ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. నాన్న అరుగు మీంచి లేచి చేను దారి పట్టాడు. నేను వెనకే నడిచాను. గట్టు దగ్గర ఆగి తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. పిన్ని పారతో బోరు కాలవ సరిచేస్తోంది.

"తిరుపతమ్మా, ఆ రోజు ట్యాంకరు వచ్చింది."

పిన్ని పార ఆపింది. తెలుసులే అనలేదు. ఎదురుచూసింది.

"నేనే పోయించుకున్నా. నీ వాటా కూడా. నీకు అబద్ధం చెప్పా." ఆ తర్వాతి మాట రావడానికి నాన్నకి ఇంకా కష్టమైంది. "మా చేలోకి కాసిన్ని నీళ్ళు వదులుతావా?"

పిన్ని కాలవ గట్టు మీద ఒక్క పార వేసి గండి తీసింది. నీళ్ళు మా వైపు తిరిగాయి. నాన్న పాదాలు తడిపి, మొదటి చాలు నింపి, పక్కకి పొర్లుతున్నా ఆయన కదల్లేదు.

"నాన్నా, మడవ మార్చి పక్క చాలుకి తిప్పాలి," అన్నాను.

పిన్ని చేతిలోని పార అందుకుని, ముఖం నాకు కనపడకుండా అటు తిరిగి వంగాడు.