అరవై ఒక్కరు, అరవై రెండు చేతులు

బస్సుల డిపోలో నన్ను అందరూ ‘సరే’ అని పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఎవరేం చెప్పినా ముందు సరే అనేయడం నా అలవాటు. ఏం చేయను, చెప్పేవాడు చెప్పినంతసేపూ నాకు అతని మాటే న్యాయంగా కనిపిస్తుంది. ఇంజన్ల దగ్గర మాత్రం నేనిలా ఉండను. బానెట్ ఎత్తి చూశానంటే ఇక నా మాటకు తిరుగులేదు, డ్రైవరు కాదన్నా వినను. మనుషుల దగ్గరికొచ్చేసరికే ఈ తంటా.

ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగాక అందరం టైర్ల షెడ్డులో సమావేశమయ్యాం. విషయం మా ఆసుపత్రి. డిపో వెనక ఆరు పడకలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు. మాకు, మా భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు మాత్రమే. ఇప్పుడు చుట్టుపక్కల ఎనిమిది వీధుల వాళ్ళు, సంపాదనను బట్టి తలా కొంత వేస్తాం, మమ్మల్నీ చేర్చుకోండని అడిగారు. చేర్చుకుంటే ఇక చూసే వరస డిపో కార్డును బట్టి కాదు, జబ్బు తీవ్రతను బట్టి. చేర్చుకోవాలా వద్దా అన్నది చేతులెత్తి తేల్చాలి.

నా బాధ ఏమిటంటే, నాకు ఇద్దరున్నారు. నా భార్యకు పిత్తాశయంలో రాయి. పద్నాలుగు మిల్లీమీటర్లని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. అన్నం తిన్నాక కుడి డొక్క పట్టుకుని గోడకు ఆనుకుంటుంది. ఏడు నెలలు ఎదురుచూస్తే ఆపరేషన్ తేదీ వచ్చింది. ఇంకా పన్నెండు రోజులు. రెండో మనిషి మా అక్క. డిపో గోడకు అవతలి వీధిలో ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. ఏడాదిగా దగ్గు. నాలుగు బట్టలు చేసి ఆయాసంతో కూర్చుండిపోతుంది. పెద్దాసుపత్రికి ఒకసారి వెళ్ళి, ఖర్చు విని, దగ్గుమందు సీసాతో తిరిగొచ్చింది. బావ పోయాక అక్కకు నేను తప్ప దిక్కు లేదు. అయినా మా ఆసుపత్రి నిబంధనల్లో అక్క కుటుంబం కాదట. తలుపులు తెరిస్తే అక్క లోపలికొస్తుంది, నా భార్య తేదీ వెనక్కి పోతుంది. తెరవకపోతే ఆ తేదీ ఉంటుంది, అక్క దగ్గూ ఉంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మొదట టైర్ల మేస్త్రీ లేచాడు. పాతికేళ్ళ కిందట ఆ ఆసుపత్రి కట్టేటప్పుడు షిఫ్టు దిగి ఇటుకలు మోసినవాళ్ళలో అతనొకడు. ఎనిమిది వీధులకు ఒక్క డాక్టరు ఏ మూలకని అడిగాడు. ఇది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందన్నాడు. అందరిదీ అంటే ఎవరిదీ కాదని, పదిమందిలో పాము చావదని, రేపు కుళాయి ఊడితే పట్టించుకునే నాథుడుండడని చెప్పుకొచ్చాడు. అందరికీ అంటే తుమ్మినవాడు కూడా వచ్చి కూర్చుంటాడు, అసలు రోగి గుమ్మంలోనే నిలబడతాడు అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

తర్వాత టిక్కెట్ల కౌంటరులో పనిచేసే పెద్దావిడ లేచింది. రోజూ తన కిటికీలోకి చెయ్యి పెట్టేవాళ్ళలో సగం మంది ఆ వీధుల వాళ్ళేనంది. వాళ్ళ జ్వరాలు మన బస్సుల్లోనే తిరుగుతున్నాయి, జ్వరానికి కార్డు అడగడం తెలియదంది. రేపు మనలో ఎవరి ఉద్యోగం ఊడినా మర్నాటి నుంచి మనమూ గోడకు అవతలివాళ్ళమే అని గుర్తుచేసింది. జబ్బు ముదిరాక చూడటం ఇల్లు కాలాక బావి తవ్వడం లాంటిదని, అన్ని వీధులూ కలిస్తే రెండో డాక్టరును పెట్టుకోవచ్చని చెప్పింది. అదీ నిజమే. రెండో డాక్టరు వస్తాడని రాసిచ్చిందెవరని మేస్త్రీ అడిగాడు. అతనడిగిందీ నిజమే. నా తల గిర్రున తిరిగింది.

మా సంఘం కార్యదర్శి లేచి, వద్దనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. గోడకు ఆనుకున్న నా భార్య కళ్ళ ముందు కనిపించింది. చెయ్యెత్తాను. లెక్కపెట్టుకుని, కావాలనేవాళ్ళు ఎత్తండి అన్నాడు. షెడ్డు వెనక గోడకు అవతలే అక్క దుకాణం. సరిగ్గా అప్పుడే దగ్గు వినిపించింది. నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు.

ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి. హాజరైనవాళ్ళం అరవై ఒక్కరం. కార్యదర్శి తలలు మూడుసార్లు లెక్కపెట్టి, ఒక తల తక్కువైందో ఒక చెయ్యి ఎక్కువైందో అర్థం కావడం లేదన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అరవై తలలూ నా వైపు తిరిగాయి. ఒప్పుకున్నాను. షెడ్డంతా ఘొల్లుమంది గానీ కార్యదర్శి నవ్వలేదు.

“నీ రెండు చేతులూ కొట్టేస్తే ముప్ఫై, ముప్ఫై. ఇక నువ్వు ఏదంటే అదే.”

పుట్టి బుద్ధెరిగాక నా మాటకు విలువ రావడం అదే మొదటిసారి. రాకపోయినా బాగుండేది. పది నిమిషాలు అడిగి బయటపడ్డాను.

అక్క దుకాణంలో నా భార్య కూడా ఉంది. ఆపరేషన్ రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన దుప్పట్లు అక్క ఇస్త్రీ చేస్తుంటే తను మడతపెడుతోంది. జరిగిందంతా చెప్పాను. నాకు లోపల ఒక ఆశ ఉండేది. ఇద్దరిలో ఒకరైనా పెద్దమనసు చేసుకుని, నాదేముందిలే, ఆవిడ సంగతి చూడు అంటారని. ఆ మాట రాగానే సరే అనేసి పారిపోదామని.

నా భార్య చేతిలోని దుప్పటి కింద పెట్టలేదు. “నా తేదీ పోనివ్వకండి. వదిన ఎదుటే చెబుతున్నాను, దాపరికమేం లేదు. ఏడు నెలలు ఓర్చాను. ఇక నావల్ల కాదు.”

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా ఇద్దరం ఆగాం. “నన్నడిగితే కావాలనే చెబుతాన్రా. అబద్ధమెందుకు? నాకూ ఊపిరాడాలనే ఉంటుంది కదా.”

ఒకరి మీద ఒకరికి కోపం కూడా లేదు. ఉంటే నాకు దారి దొరికేదేమో. అక్క మళ్ళీ ఆ దుప్పటి మీదకే వంగింది. నా భార్య రెండో కొస పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేసరికి డాక్టరు ఓ మూల పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. అతనికి ఓటు లేదు. తేదీ వెనక్కి పోతే మా ఆవిడకు ఏమవుతుందని అడిగాను. నెలో, మూడు నెలలో ఆగాలని, నొప్పి మాత్రం తప్పదని, జ్వరమో కామెర్లో కనిపిస్తే ఆ క్షణమే లోపలికి తీసుకుంటామని గడగడా చెప్పాడు. మరి మా అక్కకో అన్నాను.

“చూడకుండా నేనేం చెప్పను? మామూలు దగ్గు కావచ్చు. కాకపోనూవచ్చు.”

బానెట్ ఎత్తకుండా నేనూ ఏ బండి గురించీ మాట్లాడను. ఏడాదిగా ఆ చప్పుడు రోజూ గోడ మీదుగా వింటూనే ఉన్నాను, ఒక్కరూ ఎత్తి చూడలేదు. కార్యదర్శి దగ్గరికెళ్ళి కావాలన్నాను. నోటితోనే చెప్పాను, చేతుల మీద నమ్మకం పోయింది. వెళ్ళేటప్పుడు మేస్త్రీ నన్ను తిట్టలేదు. ఇంట్లో ఏం చెప్పుకుంటావురా అని మాత్రం అడిగాడు.

వారం తిరిగేసరికి ఆసుపత్రి గోడ మీద కొత్త వరస అతికించారు. అక్కది మూడు, నా భార్యది పంతొమ్మిది. మొదటి రోజు మేస్త్రీ చెప్పినట్టే అయింది. మెడ మీద పులిపిరి చూపించుకోవడానికి వచ్చినవాడు బెంచీ మీద కూర్చుంటే నా భార్య రెండు గంటలు నిలబడింది. రెండో డాక్టరు ఇంకా వస్తూనే ఉన్నాడు. అక్కకు పరీక్షలు చేసి ఉబ్బసమన్నారు. పీల్చే మందు ఇచ్చారు, పది రోజుల్లో గుణం కనిపించింది. ఆయాసానికి పోయి పెళ్ళాం ఆపరేషన్ పోగొట్టుకున్నాడని మేస్త్రీ అన్నాడు. ఏడాది కిందటే చూసుంటే అక్కకు ఈ ఏడాది అవస్థ ఉండేదే కాదని టిక్కెట్ల ఆవిడ అంది. ఇద్దరికీ సరే అన్నాను.

నిన్న సాయంత్రం నా భార్య ఆ దుప్పట్లను మడత విప్పకుండానే పెట్టెలో సర్దుతోంది. మళ్ళీ చేతులెత్తమంటే ఏం చేస్తారని తల తిప్పకుండా అడిగింది. ఈసారీ రెండుసార్లూ ఎత్తుతానన్నాను. నవ్వబోయి, డొక్క పట్టుకుని గోడకు ఆనుకుంది. కాసేపటికి ఊపిరి తీసుకుంది.

“వదినకు తగ్గింది, నాకు సంతోషమేనండి. నా నొప్పి మాత్రం నాకుంది.”

నాకు సరే అనడానికి నోరు రాలేదు.